ష్రాప్‌షైర్‌లో కాపురం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉద్యోగం అనగానే మనకు లండన్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ గుర్తుకొస్తాయి. నియామక పత్రంలో ష్రాప్‌షైర్ అన్న పేరు చూసినవాళ్లు ముందు పటం తెరుస్తారు, ఆ తరువాత ఎవరో ఒకరి ద్వారా మాకు ఫోను చేస్తారు. మేము ఇక్కడ కాపురం పెట్టి తొమ్మిదేళ్లయింది. డాక్టర్లు, నర్సులు, వృద్ధుల సంరక్షణ పనికి వచ్చినవారు, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఒకచోట చేర్చాను.

అసలు ఈ ష్రాప్‌షైర్ ఎక్కడుంది? పల్లె అంటే ఎంత పల్లె?

ఇంగ్లండ్‌కు పడమటి అంచున, వేల్స్ సరిహద్దును ఆనుకొని ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ష్రాప్‌షైర్ కౌన్సిల్ పరిధిలో దాదాపు 3,23,600 మంది ఉన్నారు. విస్తీర్ణం సుమారు 3,200 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు నూరుమంది. మిగిలినదంతా గొర్రెల బీళ్లు, గోధుమ చేలు, గుట్టలు. ముఖ్య పట్టణం ష్రూస్‌బరీ. లడ్‌లో, ఆస్వెస్ట్రీ, బ్రిడ్జ్‌నార్త్, విట్‌చర్చ్, మార్కెట్ డ్రేటన్ చిన్న బజారు పట్టణాలు. టెల్ఫర్డ్ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన కొత్త పట్టణం. 1998 నుంచి దాని పాలన వేరు.

ష్రూస్‌బరీని కొందరు ‘ష్రోజ్‌బరీ’ అంటారు. ఏది సరైనదన్న వాదన ఊళ్లోవాళ్ల మధ్యే తేలలేదు, మీరు ఎలా పలికినా ఎవరూ తప్పుపట్టరు. పాత కాగితాల్లో ‘సాలప్’ అని కనిపిస్తే అదీ ఈ కౌంటీయే. 1974 నుంచి 1980 వరకు అధికారికంగా ఆ పేరే ఉండేది.

కారు లేకుండా గడుస్తుందా?

ష్రూస్‌బరీలోనో టెల్ఫర్డ్‌లోనో ఉంటే గడుస్తుంది. పల్లెలో ఇల్లు తీసుకుంటే గడవదు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట, ఎందుకంటే అద్దె తక్కువగా ఉందని ముందే ఒప్పందం మీద సంతకం పెట్టి, తరువాత రాత్రి విధులకు వెళ్లే దారి లేక ఇబ్బందిపడ్డ కుటుంబాలను చూశాను. చాలా పల్లెలకు బస్సు రోజుకు కొన్నిసార్లే వస్తుంది, ఆదివారం అసలు రాదు. 2025 జనవరి నుంచి ఒక ప్రయాణానికి ఛార్జీ 3 పౌండ్లకు మించకుండా పరిమితి పెట్టారు. బస్సంటూ ఉంటే ప్రయాణం చవకే.

మన దేశపు లైసెన్సుతో, ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు నడపవచ్చు. ఆలోపే ఇక్కడి పరీక్షలు రెండూ (నియమాల పరీక్ష, బండి నడిపే పరీక్ష) పాసవడం మంచిది, తేదీలు దొరకడానికి నెలలు పడుతుంది. ఆటోమేటిక్ కారుతో పరీక్ష పాసైతే గేర్ల కారు నడపడానికి అనుమతి ఉండదన్నది గుర్తుంచుకోండి.

మన రోడ్ల మీద నడిపినవాళ్లకు ఇక్కడ ఏం కష్టం అనుకోవద్దు. పల్లె దారులు ఒక్క బండి పట్టేంత వెడల్పే ఉంటాయి, రెండు వైపులా మనిషెత్తు పొదల కంచె. నల్ల గీత ఉన్న తెల్లటి గుండ్రని బోర్డు కనిపిస్తే, ఇలాంటి దారిలో 60 మైళ్ల వేగం దాకా చట్టం ఒప్పుకుంటుందని అర్థం. మలుపు అవతల గొర్రెల మంద ఉంటే ఆ చట్టం మిమ్మల్ని కాపాడదు. ఎదురుబండి వస్తే, పక్కన విశాలంగా విడిచిన చోటికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లు వెనక్కి వెళ్లి దారివ్వాలి. వెనక్కి నడపడం బాగా సాధన చేయండి. దారిచ్చినవారికి చెయ్యెత్తడం మరిచిపోవద్దు, ఊరు మిమ్మల్ని మొదట గుర్తుపట్టేది ఆ చెయ్యితోనే. గుర్రం ఎదురైతే గంటకు 10 మైళ్లు దాటకుండా, కనీసం రెండు మీటర్ల దూరంగా పోవాలి.

నలుపు తెలుపు చారల పాత ఇళ్లు చూడముచ్చటగా ఉన్నాయి. అలాంటిది కొనవచ్చా?

కొనవచ్చు. అయితే కొనే ముందు ఒక శీతాకాలం అద్దెకు ఉండి చూడండి.

ఆ నల్లని గీతలు అలంకారం కాదు, ఓకు దూలాలు. ఇంటి ఎముకలన్నమాట. వాటి మధ్య ఖాళీలను పూర్వం కర్ర తడికెతో, మట్టితో నింపి సున్నం పూసేవారు. మన తాతలనాటి మట్టి గోడలను చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అలాంటి గోడ గాలి పీల్చి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే బిగుసుకుపోయి దూలం పుచ్చిపోతుంది. కాబట్టి సున్నపు పని తెలిసిన మేస్త్రీ కావాలి. అలాంటివారు తక్కువ, కూలి ఎక్కువ.

రెండో సంగతి చట్టం. చాలా పాత ఇళ్లు ‘లిస్టెడ్’, అంటే రక్షిత కట్టడాల, జాబితాలో ఉంటాయి. లడ్‌లో లాంటి చిన్న పట్టణంలోనే అవి వందల్లో ఉన్నాయి. జాబితాలో ఉన్న ఇంటి స్వరూపాన్ని మార్చే ఏ పనికైనా, కిటికీ మార్చడానికి కూడా, కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా మార్చడం నేరం. పాత యజమాని చేసిన తప్పుడు మార్పును సరిదిద్దే బాధ్యత కూడా మీ మీద పడవచ్చు. లాయరుతో ఈ విషయం స్పష్టంగా అడిగించండి.

మూడోది, చాలామందికి తట్టనిది, గ్యాసు. బోలెడన్ని పల్లెలకు గ్యాసు గొట్టం లేదు. ఇల్లు వెచ్చబెట్టడానికి పెరట్లో ట్యాంకు పెట్టి కిరోసిన్ లాంటి నూనె నింపిస్తారు. సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తెచ్చిపెట్టరు. డబ్బంతా ఒక్కసారే కట్టాలి. చాలా ఊళ్లలో పది ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి తెప్పించుకుంటారు, ధర తగ్గుతుంది. చేరగానే ఆ జట్టు ఎక్కడుందో కనుక్కోండి. మురుగునీటికి సెప్టిక్ ట్యాంకు ఉంటే, దాని నీరు నేరుగా వాగులోకి పోతోందేమో అడగండి. 2020 నుంచి అలా వదలకూడదు, మార్పించే ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా మీ మనసు అటే లాగుతుంటే తప్పకుండా కొనండి. నాలుగు వందల ఏళ్ల క్రితం వడ్రంగి దూలం మీద చెక్కిన గుర్తును వేలితో తడిమి చూడటంలో ఉన్న ఆనందం కొత్త ఇంట్లో దొరకదు.

సెవర్న్ నది వరదల గురించి విన్నాం. భయపడాలా?

గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మనం ఎలా లెక్క చూస్తామో, ష్రూస్‌బరీవాళ్లు వెల్ష్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టాన్ని అలాగే చూస్తారు. బ్రిటన్‌లోకెల్లా పొడవైన ఈ నది, 354 కిలోమీటర్లు, ష్రూస్‌బరీని గుర్రపునాడాలా చుట్టి పారుతుంది. వేల్స్ కొండల్లో వాన కురిస్తే నీరు ఒకటి రెండు రోజుల్లో ఇక్కడికి చేరుతుంది. 2000లోనూ 2020లోనూ వరద గట్టిగా వచ్చింది. ఇల్లు చూసేటప్పుడు ప్రభుత్వ వరద పటంలో పిన్‌కోడ్ వేసి చూడండి. పక్కింటి పెద్దాయనను కూడా అడగండి, గోడమీద నీరు ఎంతదాకా వచ్చిందో వేలుపెట్టి చూపిస్తారు.

ఒంట్లో బాగాలేకపోతే?

వచ్చిన వారంలోనే దగ్గరి వైద్యశాలలో పేరు నమోదు చేసుకోండి. చిరునామా రుజువు లేకపోయినా నమోదు చేసుకోవాలన్నది నియమం. అత్యవసర విభాగాలున్న పెద్దాసుపత్రులు రెండే: ఒకటి ష్రూస్‌బరీలో, ఒకటి టెల్ఫర్డ్‌లో. దక్షిణాన క్లన్ దగ్గర ఉంటే కారులో ముప్పావుగంట పైమాటే. చిన్న గాయాలకు లడ్‌లో, బ్రిడ్జ్‌నార్త్, విట్‌చర్చ్, ఆస్వెస్ట్రీల్లో కేంద్రాలున్నాయి, పనివేళలు చూసుకొని వెళ్లాలి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, పసిపిల్లలున్న ఇళ్లవారు దూరాన్ని లెక్కలోకి తీసుకున్నాకే ఊరు ఎంచుకోవాలి. అద్దె తేడా కంటే అది ముఖ్యం.

ఆస్వెస్ట్రీ దగ్గర గోబోవెన్‌లో ఎముకల ఆసుపత్రి ఉంది. 1900లో ఆగ్నెస్ హంట్ అనే నర్సు బాస్‌చర్చ్ గ్రామంలో, నడవలేని పిల్లల కోసం మొదలుపెట్టిన చిన్న గృహం ఇంతటి ఆసుపత్రి అయింది. ఆమెకూ చిన్నప్పటి నుంచి తుంటి జబ్బు ఉండేది.

పిల్లల చదువు?

పల్లె బడులు చిన్నవి, ఒకే తరగతి గదిలో రెండు మూడు వయసులవాళ్లు కూర్చోవడం మామూలు. దానికి బెంగపడవద్దు, టీచరుకు ప్రతి పిల్లా తెలుసు. హైస్కూలు దరఖాస్తుకు అక్టోబరు 31, ప్రాథమిక బడికి జనవరి 15 ఆఖరు తేదీలు. తగిన దగ్గరి బడి ఎనిమిదేళ్లలోపు పిల్లలకు రెండు మైళ్లు, ఆ పైవాళ్లకు మూడు మైళ్లు దాటి ఉంటే కౌన్సిల్ ఉచితంగా బండి ఏర్పాటు చేయాలి.

చింతపండు, గోంగూర, కరివేపాకు దొరుకుతాయా? గుడి ఉందా?

కందిపప్పు, చింతపండు, బియ్యం టెల్ఫర్డ్‌లో దొరుకుతాయి. నెలకోసారి వుల్వర్‌హాంప్టన్, బర్మింగ్‌హామ్ వైపు వెళ్తే మిగతావన్నీ తెచ్చుకోవచ్చు. ఆ దారిలోనే టివిడేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. తిరుమల ఆలయం స్ఫూర్తితో కట్టి 2006లో ప్రారంభించారు. ష్రూస్‌బరీ నుంచి కారులో గంట ప్రయాణం. దర్శనం, ప్రసాదం, సరుకులు ఒకే రోజులో ముగించుకొని రావడం ఇక్కడి మన కుటుంబాలకు అలవాటైపోయింది.

అయితే బయట నుంచి తెచ్చుకునేదానికంటే ఇక్కడ కాసేదాంతో వండుకోవడం నాకు ఎక్కువ ఇష్టం. మామిడికాయ దొరకనప్పుడు పుల్లటి వంట ఆపిల్‌తో పప్పు, పులిహోర చేయండి. రూబార్బ్ కాడలతో పచ్చడి గోంగూరకు చాలా దగ్గరగా వస్తుంది. కానీ జాగ్రత్త, కాడ మాత్రమే తినాలి, ఆకు విషం. ఆకును చూసి గోంగూరలాగే వండేద్దామనుకునేవారు ఉంటారు కాబట్టి ఈ మాట ప్రతి కొత్త కుటుంబానికీ చెబుతాను. సెప్టెంబరులో డామ్సన్ పండ్లు వస్తాయి. ‘ష్రాప్‌షైర్ ప్రూన్’ అన్న రకం ఈ కౌంటీ పేరే పెట్టుకుంది. చిన్న నేరేడు పండంత ఉండి, పులుపు వగరు కలిసిన రుచి. మెంతిపొడి, ఎండుమిర్చి, ఇంగువ వేసి నిల్వపచ్చడి పెడితే ఏడాది ఉంటుంది. మా వీధిలో ముగ్గురు ఇంగ్లిషువాళ్లు ఆ సీసా కోసం ఎదురుచూస్తారు. ఆగస్టులో స్టైపర్‌స్టోన్స్, లాంగ్ మిండ్ గుట్టలమీద ‘విన్‌బెర్రీలు’ కాస్తాయి. ఊళ్లోవాళ్లు వాటిని ఆ పేరుతోనే పిలుస్తారు. పిల్లలను తీసుకెళ్లండి, ఇంటికొచ్చేసరికి నాలుకలు నేరేడు పళ్లు తిన్నట్టు ఊదారంగులో ఉంటాయి.

కూరగాయలు పండించుకోవాలంటే మన పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్‌ను తోట చెక్క (అలాట్‌మెంట్) అడగండి. 1908 నాటి చట్టం నుంచి వస్తున్న హక్కు అది. వరుసలో నిలబడాలి, కానీ దొరికితే వదలకండి. మెంతికూర, కొత్తిమీర వేసవిలో బ్రహ్మాండంగా వస్తాయి.

శీతాకాలం, ఒంటరితనం ఎలా తట్టుకోవాలి?

ఫోను చేసినవారు చివర్లో, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. అందుకే నేను దీనికే ఎక్కువ సమయం ఇస్తాను.

డిసెంబరు చివర సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఉద్యోగానికి వెళ్లినవారు చీకట్లో వెళ్లి చీకట్లో వస్తారు. ఇంట్లో ఉన్నవారికి, ముఖ్యంగా కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయిలకు, వారం గడిచినా భర్తతో తప్ప మరో మనిషితో మాట్లాడే అవకాశం రాకపోవచ్చు. మొదటి ఏడాది మా ఇంట్లో జరిగింది ఇదే. నేను పనిలో పడిపోయి గమనించలేదు. ఒకరోజు నా భార్య, ‘ఈ వారంలో నా పేరు పెట్టి పిలిచింది నువ్వొక్కడివే’ అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

మన ఊళ్లలో మనుషులు మన గుమ్మంలోకి వస్తారు. ఇక్కడ మనమే వెళ్లాలి. తలుపు తట్టకపోవడాన్ని ఇక్కడివాళ్లు మర్యాద అనుకుంటారు, మనం దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాం. ఇద్దరూ అలాగే ఎదురుచూస్తూ చలికాలం గడిచిపోతుంది. కాబట్టి ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లండి. గ్రామ సమావేశ మందిరంలో టీ ఉదయం, గ్రంథాలయంలో కథల వేళ, నడక బృందం, చర్చివారి పిల్లల ఆటల గంట, ఏదైనా సరే. చర్చికి వెళ్తే మతం మార్చుకోమంటారేమో అని సందేహం వద్దు, మాకెప్పుడూ ఆ మాట రాలేదు. మొదటి నెల పలకరింపులే ఉంటాయి. మూడో నెలలో మీరు రాకపోతే ‘ఎందుకు రాలేదు’ అని అడిగేవారు ఉంటారు.

ఒక చిన్న తికమక. డెబ్బై ఏళ్ల పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు. ఇక్కడ ఆంటీ అంటే ఆవిడకు అర్థం కాదు. పేరుతోనే పిలవండి, గౌరవం గొంతులో వినిపిస్తుంది.

విటమిన్ డి మాత్రలు వేసుకోండి. శీతాకాలంలో అందరికీ రోజుకు 10 మైక్రోగ్రాములు సూచిస్తారు. మన చర్మపు రంగువారు ఏడాది పొడవునా వేసుకోవడం మంచిదంటారు. మబ్బుగా ఉన్నా మధ్యాహ్నం అరగంట బయట నడవండి. రోజులు గడిచినా మనసు తేలికపడకపోతే డాక్టరుకు చెప్పండి, దాచుకోవాల్సిన సంగతి కాదు.

మన రంగు చూసి తేడాగా చూస్తారా?

2021 లెక్కల్లో ఈ కౌన్సిల్ పరిధిలో నూటికి తొంభై ఆరుమందికి పైగా తెల్లవారే. కాబట్టి చూస్తారు, ఆసక్తిగా. తొమ్మిదేళ్లలో చెడ్డ మాట రెండుసార్లు విన్నాం, రెండుసార్లూ పక్కనున్న ఇంగ్లిషువాళ్లే అడ్డు చెప్పారు. అందరి అనుభవం ఇదే అని చెప్పను. బడిలో పిల్లలకు ఏదైనా జరిగితే ఆరోజే టీచరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ కౌంటీకి అంత చరిత్ర ఏముంది?

1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు బదులు కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చిన నేలబొగ్గుతో, ఇనుము కరిగించాడు. ఇనుము చవకైంది, యంత్రయుగానికి దారి పడింది. ఆయన మనవడు 1779లో సెవర్న్ మీద నిలబెట్టిన ఇనుప వంతెన ఇప్పటికీ ఉంది. 1986 నుంచి ఆ లోయ ప్రపంచ వారసత్వ ప్రదేశం. వంతెన పక్కన పాత సుంకపు పట్టిక చదవండి. సైనికుడైనా, రాజకుటుంబమైనా సుంకం కట్టాల్సిందేనని రాసి ఉంటుంది. ష్రూస్‌బరీ శివారులో 1797 నాటి నార మిల్లు ఉంది. ఇనుప చట్రంతో కట్టిన ప్రపంచపు మొదటి భవనం అది. ఈనాటి ఆకాశహర్మ్యాలకు ముత్తాత. చార్లెస్ డార్విన్ 1809లో పుట్టింది ష్రూస్‌బరీలోనే, ఆయన చదివిన బడి ఇప్పుడు గ్రంథాలయం.

రాబర్ట్ క్లైవ్ ఇక్కడివాడేనా?

అవును. 1725లో మార్కెట్ డ్రేటన్ దగ్గరి మోర్టన్ సే గ్రామ పరిధిలో పుట్టాడు. తెలుగువాళ్లకు ఈ పేరు పాఠ్యపుస్తకంలోని ప్లాసీ యుద్ధంతో ఆగిపోతుంది. కానీ మన నేలతో అతని లంకె నేరుగా ఉంది. 1758లో బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను సేనతో మన తీరానికి పంపింది క్లైవే. విజయనగరం ఆనంద గజపతి సాయంతో ఫోర్డ్ ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నదీ క్లైవే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన ముత్తాతలు కంపెనీకి శిస్తు కట్టే దారి అలా తెరుచుకుంది.

ఆ మనిషి ష్రూస్‌బరీకి 1762లో మేయరు, 1761 నుంచి చనిపోయేదాకా పార్లమెంటు సభ్యుడు. 1860లో పెట్టిన అతని విగ్రహం ఊరి నడిబొడ్డున ఉంది. 2020లో తీసేయాలని వేలమంది సంతకాలు చేశారు, కౌన్సిల్ ఉంచాలని నిర్ణయించింది. మోర్టన్ సే చర్చిలో ఎక్కడో గుర్తులేని సమాధిలో ఉన్నాడు. గోడమీది ఫలకం మాత్రం అతన్ని ‘ఇండియాలో అగ్రగణ్యుడు’ అని లాటిన్‌లో పొగుడుతుంది.

ఆ ఫలకం ముందు నిలబడినప్పుడు నాకు కోపం వచ్చింది, దాచుకోను. అయినా మీ పిల్లలను తీసుకెళ్లమనే చెబుతాను. చందుర్తి పేరు ఆ చర్చిలో ఎక్కడా లేదు. దాన్ని చెప్పగలిగింది మనమే. మా అమ్మాయి బడిలో స్థానిక చరిత్ర పాఠానికి ఆ యుద్ధం గురించి రాసింది, టీచరు ఆ కాగితాన్ని గోడకు అంటించారు.

ఇక్కడివాళ్లు ‘రీకిన్ చుట్టూ తిరిగొచ్చాడు’ అంటారు. ఏమిటది?

డొంకతిరుగుడుగా చెప్పడం, చుట్టుదారిలో రావడం. రీకిన్ అన్నది టెల్ఫర్డ్ పక్కన 407 మీటర్ల ఒంటికొండ. ష్రూస్‌బరీ మీద పగబట్టిన రాక్షసుడు ఊరిని పూడ్చేయడానికి పారతో మట్టి మోసుకొస్తూ దారి తప్పాడట. ఎదురైన చెప్పులు కుట్టేవాడిని ‘ఊరెంత దూరం’ అని అడిగాడు. అతను తన సంచిలోని అరిగిన చెప్పులన్నీ చూపించి, ‘అక్కడి నుంచి నడిచి రావడానికి ఇన్ని అరిగాయి’ అన్నాడు. రాక్షసుడు విసిగి మట్టిని అక్కడే కుమ్మరించి పోయాడు, అదే రీకిన్. మన కథల్లోని తెలివైన పల్లెటూరివాడు ఇతనికి అన్నో తమ్ముడో అయి ఉంటాడని మా పిల్లల నమ్మకం.

అమ్మానాన్నలను తీసుకొస్తే వాళ్లకు తోచుతుందా?

మే నుంచి ఆగస్టు లోపు తీసుకురండి. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఆసుపత్రిలో చేరితే వాళ్లకు బిల్లు పడుతుంది, కాబట్టి బీమా లేకుండా విమానం ఎక్కించవద్దు.

జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. కాలిబాటలు రైతుల పొలాల మధ్య నుంచే పోతాయి, నడవడం అందరి హక్కు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, దూడలున్న ఆవుల మందకు దూరంగా నడవాలి. కంచె దాటడానికి చెక్కమెట్లు ఎక్కాల్సిన చోట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం, గేట్లున్న దారి ముందే చూసిపెట్టుకోండి. వ్యవసాయం చేసిన మా నాన్న మొదటి వారం ఊరికే నడిచారు. రెండో వారం పక్క పొలం రైతు ట్రాక్టరు ఆపి పలకరించాడు. ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రమే. నాన్న వంగి పిడికెడు మట్టి తీసి నలిపి చూశారు, రైతు కూడా దిగి తన పిడికిట్లోకి తీసుకున్నాడు. గోధుమ చేను గట్టున ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. మరుసటి రోజు నుంచి నాన్న నడకకు వెళ్లే వేళ ఆ ట్రాక్టరు వచ్చే వేళ అయింది.